చేతులు వెనక్కి

బిడ్డ ఆపదలో ఉంటే కన్నతల్లి ఆలోచించదని అందరూ నమ్ముతారు. నిప్పా నీళ్ళా అని చూడకుండా దూకుతుందని, అలా దూకనిది తల్లే కాదని అంటారు. నేను నమ్మని విషయాల జాబితా చాలా పెద్దది. జాతకాలు, శకునాలు, చనిపోయినవాళ్ళు కలలోకి వచ్చి చెప్పే మాటలు, ఎన్నికల ముందు పత్రికలు వేసే అంచనాలు, అన్నీ అందులో ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళు నీటి శుద్ధి కేంద్రం ప్రయోగశాలలో పనిచేసినవాణ్ణి. కొలతకు అందనిదాన్ని తేలిగ్గా ఒప్పుకోను. అయినా తల్లి సంగతిలో మాత్రం లోకం మాటనే నేనూ అనుకుంటూ వచ్చాను. దాన్ని పరీక్షకు పెట్టవలసి వస్తుందని ఊహించలేదు.

ఆ వేసవి మొదట్లో ఒక రోజు మా ఇంటి దండెం మీద నారింజరంగు కోటు ఒకటి ఆరుతూ కనిపించింది. వెనకవైపు వెలుగు పడితే మెరిసే పట్టీలు రెండు.

"ఎవరిదిది?" అన్నాను.

"నాదే," అంది మా ఆవిడ.

"ఈ వయసులో రోడ్డు పని దొరికిందా నీకు?"

"ఆపద దళంలో చేరాను. సంతకం కూడా పెట్టేశాను. మీరు మొదలుపెట్టకండి."

ఆవిడకు అప్పుడు యాభై ఎనిమిది. ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కి, అంతకు ముందు ఏడాదే కొట్టు మూసేసింది. ఆపద దళం అంటే మా పేటలో పదకొండుమంది. అంబులెన్సు రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఈలోగా దగ్గరలో ఉన్న సభ్యుడికి ఫోను వస్తుంది, అతను వెళ్ళి చేయగలిగింది చేస్తాడు. జీతం లేదు. కోటు, హెల్మెట్టు, మందుల సంచి ఇస్తారు. ఈ దళానికి పెద్ద, అంబులెన్సు నడిపి ఉద్యోగ విరమణ చేసిన ఒకాయన. ఆయన గొంతు వీధి చివరికి వినిపిస్తుంది గనక అందరూ హారన్ అంటారు. ఆయనకూ ఆ పేరంటే ఇష్టమే. మా ఆవిడను చెల్లెమ్మా అని పిలిచేవాడు. ఆ లెక్కన మొదటి రోజే నేను బావగారినయ్యాను.

ఆవిడకు బండి నడపడం రాదు. కాబట్టి ఈ దళం మీద నాకు ఎన్ని అనుమానాలున్నా దానికి డ్రైవరుగా స్థిరపడింది నేనే.

శిక్షణ ఒక మూతబడ్డ బడి ఆవరణలో జరిగేది. మొదటి ఆదివారమే గడియారం పట్టుకుని వెళ్ళి ఒక మూల కూర్చున్నాను. హారన్ నేల మీద ఒక బొమ్మను పడుకోబెట్టి, "మనిషి పడిపోయాడు, రండి!" అని అరిచాడు. ఇద్దరు పరుగెత్తుకెళ్ళి బొమ్మ పక్కన మోకరిల్లారు. ఆయన తాపీగా వెళ్ళి వాళ్ళిద్దరి భుజాలూ తట్టాడు.

"పైన తీగ తెగి వేలాడుతోంది. మీరిద్దరూ పోయారు. ఇప్పుడు నేను ముగ్గురికి సమాధానం చెప్పుకోవాలి."

ఆ తర్వాత వాళ్ళ నియమం చెప్పాడు. ఎక్కడికి వెళ్ళినా ఐదడుగుల దూరంలో ఆగాలి. రెండు చేతులూ వెనక్కి కట్టుకోవాలి. పది అంకెలు లెక్కపెట్టేలోగా కళ్ళకు కనిపించినదంతా పైకి చెప్పాలి. అప్పుడే అడుగు ముందుకు వేయాలి.

నేను ఊరుకోలేకపోయాను. "మెదడుకు ప్రాణవాయువు అందకపోతే ప్రతి సెకను లెక్కే కదండీ. అందులో పది పారబోయమంటారా? పైగా ఆ చేతులు కట్టుకోవడమేమిటి, వ్యాయామమా?"

"చేతులు ముందుంటే అవి మనకంటే ముందు పోతాయి బావగారూ," అన్నాడు హారన్. "కాళ్ళను ఆపడం తేలిక. చేతుల్ని ఆపడం కష్టం. ఇరవై ఆరేళ్ళు బండి నడిపాను. పడ్డవాడి కోసం వెళ్ళి పడ్డవాళ్ళను కూడా నేనే మోశాను."

"అది మీ అనుభవం. నిరూపణ కాదు."

"కాదు. మోసినవాడి నడుం నొప్పి అంతే," అన్నాడు. మా ఆవిడ గట్టిగా నవ్వింది.

వాళ్ళ నివేదిక కాగితం చూసినప్పుడు నాకు ఇంకా వింతగా అనిపించింది. అందులో మొదటి గడి "మనవాళ్ళలో గాయపడినవారు". బాధితుడి ప్రస్తావన రెండో గడిలో గాని రాదు. పైగా ఆ మొదటి గడిని అన్నిటికన్నా చివర నింపాలి. కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఒళ్ళంతా చూసుకుని, అప్పుడు. పని వేడిలో ఉన్నప్పుడు దెబ్బ తెలియదట.

"సేవ చేసేవాళ్ళు ముందు తమ సంగతి చూసుకోవడం బాగుంది," అన్నాను ఇంటికి వస్తూ.

"మీరు ముందు గుంతలు చూసుకుని నడపండి," అంది వెనకనుంచి.

వారం తిరక్కముందే ఆ అలవాటు ఇంట్లోకి వచ్చింది. ఒక ఉదయం పాలు పొంగి పొయ్యి మీద పడుతుంటే ఆవిడ వంటగది గడప దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది.

"పాలు పోతున్నాయి!" అని అరిచాను.

"గిన్నె వేడిగా ఉంది. గుడ్డ మేకుకు ఉంది. కింద నేల తడిగా ఉంది," అని అప్పగించి, గుడ్డ తీసుకుని, తడిని తప్పించుకుని వెళ్ళి పొయ్యి కట్టేసింది. "ఎన్ని సెకన్లు?"

"ఆరు. గిన్నెలో సగం."

"చెయ్యి కాలలేదు," అంది, సగం గిన్నె వంక చూడకుండానే.

గ్లౌజుల విషయంలో మరీ పట్టుదల. సంచి కుడి జేబులో రెండు జతలుండేవి. అవి తొడిగి, మణికట్టు దగ్గర టప్పుమని లాగి వదిలిన చప్పుడు వినిపిస్తే గాని పని మొదలయ్యేది కాదు. పక్కింటి పిల్లి కాలికి దెబ్బ తగిలితే దాన్ని కూడా గ్లౌజులు లేకుండా ముట్టుకోలేదు.

వేసవి ముదిరేకొద్దీ పిలుపులు పెరిగాయి. ఎండకు సొమ్మసిల్లిన తాపీమేస్త్రీ, మెట్ల మీంచి జారిన ముసలావిడ, గొంతులో ముద్ద అడ్డం పడ్డ టిక్కెట్టు కలెక్టరు. నేను బండి దగ్గరే నిలబడి సమయాలు రాసుకునేవాణ్ణి. వాటిలో లాండ్రీ కొట్టు సంగతి ఒక్కటి చెబుతాను.

మధ్యాహ్నం మూడు గంటలు. బట్టలుతికే పెద్ద యంత్రం పక్కన పనివాడు వెల్లకిలా పడి ఉన్నాడు. గుమ్మం నిండా జనం. మా ఆవిడ లోపలికి వెళ్ళి ఐదడుగుల ముందే ఆగింది. చేతులు వెనక్కి.

"ఏమ్మా, చుట్టపుచూపుగా వచ్చావా?" అన్నాడొకడు. "అక్కడ మనిషి పోతుంటే!"

"కోటు వేసుకుని ఫోటోకి నిలబడినట్టుంది చూడు," అన్నాడు ఇంకొకడు.

నిజం చెప్పాలంటే బయట ఉన్న నాకూ సిగ్గనిపించింది. ఆవిడ మాత్రం పాఠం అప్పగించినట్టు చెబుతోంది. "ఒక మనిషి. నేల తడి. యంత్రం తిరుగుతోంది. గోడనుంచి నల్ల తీగ. నీళ్ళలో ఉంది." ఒక్క క్షణం ఆగి, ఫోటో మాట అన్నవాడి వైపు తిరిగి, "నాయనా, మెయిను ఎక్కడుందో తెలుసా నీకు? వెళ్ళి ఆపెయ్. ఆపి, ఆపానని గట్టిగా అరిచి చెప్పు. నువ్వు అరిచేదాకా ఎవరూ కదలకూడదు," అంది.

వాడు పరుగెత్తాడు. అరిచాడు. ఆ తర్వాత టప్పుమని గ్లౌజుల చప్పుడు వినిపించింది. పడిపోయినవాడు బతికాడు.

"ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదు," అన్నాను దారిలో.

"నేనేమీ అనలేదే!" అంది.

ఇక మా అబ్బాయి. ముప్పై నాలుగేళ్ళవాడు. మోటార్లు, నీళ్ళ పంపులు బాగుచేస్తాడు. పెళ్ళి మాట ఎత్తితే ఏదో ఒక మోటారు కింద దూరేవాడు. బావులూ నీళ్ళ తొట్లూ దిగడం వాడికి రోజూ ఉండే పనే. అందుకే వాళ్ళమ్మ దృష్టి వాడి మీద పడింది. దళం దగ్గర రెండు రక్షణ పట్టీలుండేవి. రెండు భుజాల మీదుగా, రెండు తొడల చుట్టూ తిరిగి, వీపు మధ్య ఒక ఇనప ఉంగరం ఉండే రకం. ఆ ఉంగరానికి తాడు కట్టి మనిషిని దించుతారు, తీస్తారు. ఆవిడ వాటిలో ఒకదాన్ని ఇంటికి తెచ్చి, తిరగేసి మరగేసి చూసి, పాత కార్ల సీటు పట్టీలు కొని, మిషను మీద అచ్చం అలాంటిదే కుట్టింది.

నేను దాన్ని పరీక్షించాను. తెగుతుందని నిరూపించడానికే పరీక్షించానని ఒప్పుకుంటున్నాను. డాబా దూలానికి వేలాడదీసి, రెండు సిమెంటు బస్తాలు, పైన ఒక బకెట్టు ఇసుక, మొత్తం నూట ఇరవై కిలోలు, ఒక పగలంతా ఉంచాను. సాయంత్రం భూతద్దం పెట్టి చూశాను. ఒక్క కుట్టు కూడా కదలలేదు. ఆ మాట నా పుస్తకంలో రాసుకోవలసి వచ్చింది.

హారన్ మాత్రం దాన్ని దళంలోకి తీసుకోలేదు. "చెల్లెమ్మ చేతి పని మీద నాకు అనుమానం లేదు. కానీ పరీక్ష ముద్ర లేనిది మనం వాడం," అన్నాడు. ఆ వేసవిలో ఆయనా నేనూ ఏకీభవించిన విషయం ఇదొక్కటే.

దాంతో ఆ పట్టీ మా అబ్బాయికి దక్కింది. వాడు తొట్టి పనికి బయలుదేరిన ప్రతి ఉదయం వాళ్ళమ్మ గుమ్మంలో దాన్ని పట్టుకుని నిలబడేది.

"అమ్మా, నాకింకా పాలపళ్ళే ఉన్నాయనుకుంటున్నావా?"

"నోరు తెరిచి చూడనవసరం లేదు. వేసుకో."

"నాన్నా, మీరైనా చెప్పండి."

"పరీక్షించాను. గట్టిగానే ఉంది," అనేవాణ్ణి. తగువులో ఇంతకంటే ముందుకు వెళ్ళే ధైర్యం నాకు లేదు.

ఆ రోజుల్లోనే ఆవిడ మరో విద్య మొదలుపెట్టింది. పన్నెండడుగుల కర్ర, దాని చివర ఒక కొక్కెం, కొక్కేనికి తాడు. కొక్కెం ఉంగరంలో పడగానే కర్ర ఊడి చేతికి వస్తుంది, తాడు ఉంగరానికి మిగిలిపోతుంది. గోతిలో పడ్డవాణ్ణి, మనం దిగకుండా పైనుంచే పట్టుకునే ఉపాయం. ఆవిడ డాబా మీద ఒక పెద్ద నీలం పీపాలో దిండు వేసి, దిండుకు ఉంగరం కట్టి, పీట మీద నిలబడి రోజూ ఎండ దిగాక సాధన చేసేది. నేను గడియారం పట్టుకునేవాణ్ణి.

"ఏమన్నా పడ్డాయా చేపలు?"

"మాట్లాడితే జారిపోతుంది. నోరు మూసుకుని అంకెలు చెప్పండి."

మొదటి రోజు నాలుగు నిమిషాల పది సెకన్లు. మూడో వారానికి ముప్పై ఎనిమిది సెకన్లు.

వేసవి చివరికొచ్చింది. వానలు పడేలోగా మా భవనం ముందున్న భూమిలోని నీళ్ళతొట్టి కడిగించాలనుకున్నాం. పదడుగుల లోతు, పైన రెండు చదరపు మూతలు. ఇంటిపక్కనే, ఒక్క పూట పని, అదీ మా అబ్బాయే చేస్తాడు. ఆ ఉదయం కరెంటు పోయింది. వాడు పెట్రోలు ఇంజనున్న పంపు తెచ్చాడు. పైన పెడితే గొట్టం అడుగుకు అందలేదు. ఇంజనును తాడు కట్టి లోపలికి దించి, అడుగునున్న మెట్టు మీద నిలబెట్టాడు. తెరిచింది ఒక మూతే. రెండోది తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

ఇంజను ఇరవై నిమిషాలు నడిచి, దగ్గి, ఆగిపోయింది. వాడు దిగి మళ్ళీ నడిపించి పైకి వచ్చాడు. "ఎండకు తల తిరుగుతోంది నాన్నా," అన్నాడు. ఐదు నిమిషాల్లో మళ్ళీ ఆగింది.

"పెట్రోలు నిండుగా ఉంది. ఎందుకాగుతోంది?"

నేను చెప్పిన సమాధానం నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "గాలి అందడం లేదు. వడపోత మూసుకుపోయి ఉంటుంది. విప్పి చూడు."

"తాడు గొట్టానికి చుట్టుకుంటోంది. కాస్త విప్పెయ్యండి. ఒక్క నిమిషం పని."

వీపు మీద ఉంగరానికి ఉన్న ముడి నేనే విప్పాను.

వాడు దిగాడు. ఇంజను ముందు వంగి, మరను తిప్పుతూ, అలసిపోయినవాడిలా మెల్లగా అడుగున కూర్చున్నాడు. కూర్చుని, ముఖం గోడకు ఆనించి నిచ్చెన పక్కకు ఒరిగాడు. పిలిచాను. మళ్ళీ పిలిచాను.

మూసిన గదుల్లో ఏ వాయువు ఎంత ఉంటే మనిషి ఎన్ని నిమిషాల్లో పడిపోతాడో ముప్పై ఒక్క ఏళ్ళు పట్టికలు రాసినవాణ్ణి నేను. రెండు నిమిషాల ముందు నా నోటితోనే గాలి లేదని చెప్పినవాణ్ణి. ఆ నిమిషంలో నాకు ఏ పట్టికా గుర్తు లేదు. నా ఎడమ చెయ్యి మూత అంచు మీద ఉంది. రెండు కాళ్ళూ నిచ్చెన మీద ఉన్నాయి.

వెనకనుంచి ఎవరో నా మణికట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. నేల మీద పడ్డాను. చూస్తే మా ఆవిడ. మాకు టీ తెస్తూ వచ్చింది. గ్లాసులున్న పళ్ళెం గట్టు మీద ఉంది. పడేయలేదు, పెట్టింది.

"దిగితే ఇద్దరవుతారు," అంది. "నాకు ఒక్క కర్రే ఉంది."

తొట్టిలోకి ఒక్క చూపు చూసి, ఐదడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

కేకలకు పై అంతస్తు టీచరమ్మ, వీధి మొగలో ఇస్త్రీ చేసే అతను పరుగెత్తుకొచ్చారు. టీచరమ్మ తొంగిచూసి కెవ్వుమంది. "మీ అబ్బాయండీ! లోపల మీ అబ్బాయి! అలా నిలబడ్డారేమిటి, మీరు తల్లేనా?"

మా ఆవిడ ఆమె వైపు చూడలేదు. గొంతు మారలేదు. "మూత ఒకటే తెరిచి ఉంది. ఇంజను లోపల ఉంది. ఆగిపోయింది. ఒక మనిషి. నిచ్చెన పక్కన. వీపు పైకి ఉంది. పట్టీ ఉంది. తాడు లేదు."

మా అబ్బాయి అనలేదు. ఒక మనిషి అంది.

చేతులు ముందుకు వచ్చాయి. ఇక ఎవరి పని వాళ్ళకు పడింది.

"తమ్ముడూ, డాబా మీద నా కర్ర ఉంది, పక్కన తాడుతో సహా. పరుగెత్తు. టీచరమ్మా, ఫోను. హారన్ అన్నయ్యకి. గోతిలో మనిషి, గాలి లేదు, అంతే చెప్పండి. ఏమండీ, లేవండి. రెండో మూత తీయండి."

"అది తుప్పు..."

"గునపం అక్కడుంది. గాలి ఆడాలి. తీయండి."

నేను ఆ మూతను ఎలా తీశానో చెప్పలేను. మణికట్టు అప్పటికే వాచింది. మూత లేచి పక్కకు పడ్డ చప్పుడు, కర్ర వచ్చిన చప్పుడు ఒకేసారి విన్నాను.

ఆవిడ మూత అంచున బోర్లా పడుకుంది. కాళ్ళు పట్టుకోమని టీచరమ్మకు చెప్పింది. ముఖం అంచుకు ఇవతలే ఉంచుకుని, ఊపిరి బిగబట్టి చూసి, పక్కకు తిరిగి ఊపిరి తీసుకుని, మళ్ళీ చూసింది. కర్ర దిగింది. కొక్కెం ఉంగరాన్ని తాకి జారింది. రెండోసారీ జారింది. అలవాటు కొద్దీ నా కళ్ళు గడియారం మీదికి పోయాయి. మూడోసారి కర్ర ఊడి ఆవిడ చేతికి వచ్చింది. యాభై ఒక్క సెకన్లు.

"లాగండి. నేను చెప్పినప్పుడే. ఒకటి, రెండు."

నేను, ఇస్త్రీ అతను, దారిన పోతూ ఆగిన ఇద్దరు తాడు పట్టుకున్నాం. ఆవిడ లేచి అందరికంటే ముందు, అంచు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తాడు రాతికి ఒరుసుకోకుండా చూస్తోంది. సగం దూరం వచ్చాక మాలో ఒకడి కాలు బురదలో జారింది. నలుగురం ఒకరి మీద ఒకరు పడ్డాం. తాడు గజం మేర వెనక్కి పరుగెత్తి, ఆగింది. ఎలా ఆగిందో అప్పుడు నేను చూడలేదు.

"లేవండి. మళ్ళీ. ఒకటి, రెండు."

వాడి భుజాలు మూతలోంచి బయటికి వచ్చాయి. పెదవులు నీలంగా ఉన్నాయి. నీడలోకి లాగి వెల్లకిలా పడుకోబెట్టాం. నాడి ఉంది, ఊపిరి లేదు. ఆవిడ వాడి తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదింది. ఛాతీ లేచిందా అని చూసింది. మళ్ళీ ఊదింది. పధ్నాలుగోసారి వాడు దగ్గాడు. ఇంజను దగ్గినట్టే దగ్గాడు. ఆ చప్పుడుకు టీచరమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. మా ఆవిడ వాణ్ణి పక్కకు తిప్పి, "కక్కనీ, కక్కనీ," అంటూ వీపు నిమిరింది.

హారన్ ప్రాణవాయువు సిలిండరుతో వచ్చేసరికి ఫోను చేసి తొమ్మిది నిమిషాలైంది. ఆయన రెండు మూతలూ, కర్రా, వాడి వీపు మీది పట్టీ, వరసగా చూశాడు. వాడి ముఖానికి గొట్టం అమరుస్తూ, ఆ గొంతు ఆయనదేనా అనిపించేంత మెల్లగా, "ముద్ర లేని పట్టీ కదా చెల్లెమ్మా," అన్నాడు.

"బావగారి ముద్ర ఉందన్నయ్యా," అంది ఆవిడ.

ఆసుపత్రి వరండాలో ఎండ దిగేవేళకు డాక్టరు బయటికి వచ్చి, ప్రమాదం తప్పిందని, నాలుగు రోజులు ఉంచుతామని చెప్పింది. లోపలికి పోనిచ్చారు. వాడు కళ్ళు తెరిచి నన్ను చూసి, ప్రాణవాయువు ముసుగు కాస్త పక్కకు జరిపాడు.

"వడపోత శుభ్రంగానే ఉంది నాన్నా," అన్నాడు.

నేను ముసుగు మళ్ళీ సరిగా పెట్టి, వాడి పాదం పట్టుకున్నాను.

బయట బల్ల మీద మా ఆవిడ నివేదిక కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ వేసవిలో అది పద్దెనిమిదో కాగితం. పదిహేడింటిలోనూ మొదటి గడిలో ఒకే మాట ఉంది: లేరు. దళంలో అలాంటి వరస ఎవరికీ లేదని హారన్ నలుగురిలో చెప్పేవాడు. ఆవిడ విననట్టు నటించేది.

"మీరు రాయండి," అంది. "నాకు పెన్ను పట్టు దొరకడం లేదు."

"చెప్పు."

"బాధితులు. ఒకరు. పురుషుడు, ముప్పై నాలుగు. తొట్టిలో గాలి చాలక స్పృహ తప్పాడు. స్పృహ వచ్చింది."

రాశాను.

"బంధుత్వం అని ఒక గడి ఉంటుంది చూడండి. కొడుకు."

రాశాను.

"కారణం. ఇంజను లోపల నడిపారు. మూత ఒకటే తీశారు. తాడు విప్పారు." కాస్త ఆగింది. "ఎవరు విప్పారో రాయాలి. అది నియమం."

"తండ్రి," అన్నాను. రాశాను. అంతటితో ఆగకుండా, గాలి అందడం లేదని తెలిసి కూడా దిగమన్నది తండ్రే అని కూడా రాశాను. ఆవిడ చదివింది. కొట్టెయ్యమనలేదు.

"ఇతరులు గాయపడ్డారా? ఒకరు. పురుషుడు, అరవై ఆరు. ఎడమ మణికట్టు బెణుకు. కారణం, సేవకురాలు లాగడం."

"ఇది కూడా రాయాలా?"

"బాగానే లాగాను మరి," అంది. పొద్దున్నించి అప్పుడే మొదటిసారి నవ్వింది.

ఇక మిగిలింది మొదటి గడి. అందులో అలవాటైన మాట రాయబోయాను.

"ఆగండి. కడుక్కుని చూసుకోవాలి కదా," అని వరండా చివరనున్న కుళాయి దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు పడగానే చిన్నగా మూలిగింది. లేచి వెళ్ళాను. ఆవిడ రెండు అరచేతులూ చాపి, ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది. చూపుడువేలి మొదలు నుంచి మణికట్టు దాకా చర్మం లేదు.

నర్సు వచ్చి రెండు చేతులకూ మందు రాసి కట్లు కట్టింది. ఆవిడ బల్ల మీద కూర్చుని, కాగితం వైపు గడ్డం చూపించి చెప్పింది. నేను రాశాను.

మనవాళ్ళలో గాయపడినవారు: ఒకరు. స్త్రీ, యాభై ఎనిమిది. రెండు అరచేతులు, తాడు ఒరిపిడి. కారణం: గ్లౌజులు వేసుకోవడం మరిచిపోయింది.